ఏడు డిగ్రీల కింద

హసన్‌పర్తి హవల్దార్ కొమ్రెల్లి
జేకే నంబరు బండి నాకు అమ్మేటప్పుడు
ఇంజన్ సంగతి చెప్పిండు, ఏసీ సంగతి చెప్పిండు,
ముందటి అద్దం మీది సన్నటి పగులును
నేను అడగకముందే చూపిండు.
టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం
చేత్తో ఒకసారి తట్టి ఊకున్నడు,
ఎడ్లను అమ్ముకునేటోడు తట్టినట్టు.

ములుగు రోడ్డుల యాకూబ్
గాలి పట్టబోయి ఆగిండు.
బొటనవేలి గోరు రబ్బరుల నొక్కిండు.
దిగింది.
“అక్కా, ఇది మన దిక్కు రబ్బరు గాదు.”
టైరు చెంప మీది మట్టి తుడిచిండు:
మూడు శిఖరాల కొండ, దాని నడుమ
ఆరు రెక్కల మంచు పువ్వు,
పావలా బిళ్ళంత.

“ఏడు డిగ్రీల కిందికి పోతే
మన టైరు కట్టె లెక్క బిగుస్తది.
ఇది బిగవదు. గీ గాట్లు చూడు,
బ్లేడుతోని కోసినట్టు, వేలకు వేలు.
ఒక్కొక్కటి మంచును కొరికి పడ్తది.”
“మరి ఇక్కడ?”
“ఇక్కడేముంది. ఎండకాలం నలభై ఆరు.
పెన్సిల్ రబ్బరు లెక్క
రోడ్డే దీన్ని తుడిచేస్తది.”

యాకూబ్ మంచు చూడలేదు.
నేనూ చూడలేదు,
ఫ్రిజ్జుల పేరుకుంటే చాకుతో గీకేది తప్ప.

నా కొలువు పత్తి కొనుగోలు కేంద్రంల.
గుప్పెడు పత్తి పిసికి
తేమ ఎనిమిదా పన్నెండా చెప్తే
మీటరు తర్వాత ఒప్పుకుంటది.
గోరు చెప్పేది అబద్ధం కాదని నాకు ఎరుకే.
కానీ నాలుగింటి ధర విన్నంక
“మార్చి దాకా నడుపుత” అన్న.
“మార్చిల మార్చుడే, మరి” అని
నవ్వి గాలి పట్టిండు.

డిసెంబర్‌ల డ్యూటీ జైనూర్‌కు పడ్డది.
కెరమెరి ఘాట్ మొదలు, తెల్లారగట్ల ఐదున్నర.
డాష్‌బోర్డు మీద ఎన్నడూ చూడని అంకె: ఆరు.
రెండు మలుపులు ఎక్కినంక: ఐదు.
అద్దం దించిన. ముక్కుల సూది దిగినట్టయింది.
లైట్లు పొగమంచుల మునిగి
బానెట్ దాటి నాలుగడుగులు పోతలేవు.

తాళంచేతి ఇచ్చేటప్పుడు కొమ్రెల్లి అన్నడు:
“జారినప్పుడు బ్రేకు తొక్కకు మేడం.
బండికి తొవ్వ యాదికొచ్చేదాక ఆగు.”
మన రోడ్ల మీద జారుడేందని
అప్పుడు నవ్విన.

మూడో మూల.
లారీ కార్చిన నూనెనో, ఆకుల నుంచి కారిన తడో,
వెనక భాగం మూరెడు పక్కకు జరిగింది.
కాలు తీసిన.
స్టీరింగ్‌ను పట్టీపట్టనట్టు పట్టిన.
ఒకటి.
రెండు.
కింద వేల గాట్లు ఒక్కసారే కొరికినట్టుంది,
బండి కుదురుకున్నది.

ద్రాస్‌లనో బారాముల్లాలనో వదిలొచ్చిన చలిని
ఇన్ని నెలలు సిమెంటు రోడ్ల మీద
అరుగుకుంట వెతికి,
ఇగో, ఇక్కడ, రెండు గంటలకు సరిపడా
దొరికిచ్చుకున్నయి.
రబ్బరుకు మనసుండదు, తెలుసు.
అయినా ఘాట్ ఒడువొద్దని
రెండో గేర్లనే నడిపిన.

జైనూర్‌ల చాయ్ బండి కాడ
ఆత్రం జంగు తాత చలిమంట ఎగదోసుకుంట
టైరు వైపు వంగి చూసిండు.
“ఈ పువ్వేందమ్మా?”
“మంచు పువ్వు, తాతా.”
“ఒక యేడు మా చేనుగట్టు గడ్డి మీద పూసింది,
ఇట్లనే. పెసలు పోసినట్టు తెల్లగ— కాదు,
పెసలు తెల్లగుండయి గదా. జొన్నలు.
ఎండ పొడ తాకంగనే పోయింది.”
చాయ్ గ్లాసు రెండు చేతుల నడుమ తిప్పుకుంట
ఆ యేడు ఏదో లెక్క కట్టబోయి
మరిచిపోయిండు.

మార్చిల మార్చిన.
మూడు టైర్లు ఎవరో ఎడ్లబండికని కొనుక్కపోయిన్రు.
నాలుగోదాన్ని యాకూబ్ దుకాణం ముందట వేలాడదీసి
తెల్లరంగుతోని పంక్చర్ అని రాసిండు.
మంచు పువ్వు మీద రంగు పడకుంట
చుట్టూ తిప్పి రాసిండు,
సున్న ఒకటి వంకరపోయింది.

ఏప్రిల్ ఆఖర్ల గాలికి పోతే
ఆ టైరు మీద తడి గోనెసంచి కప్పి ఉన్నది.
“ఇదేంది?” అన్న.
“ఊకెనే” అన్నడు,
పానా వెతుక్కుంట.